గడివేముల ప్రాంతంలో ఇంటింటి నీటి సరఫరా: వేళలు, ఒత్తిడి, మెరుగుదల

ఇంటి కొళాయికి నీరు రోజూ, చెప్పిన వేళకు, తగినంత ధారతో చేరినప్పుడే దాన్ని నమ్మదగిన సరఫరా అంటారు. ఈ మూడింటిలో ఏది లోపించినా ఊళ్లో కొళాయిలు ఉన్నట్టే కనిపిస్తాయి గాని బిందె నిండదు. రక్షిత నీటి పథకాలున్న ఊళ్లలో ధార సన్నబడడానికి చాలాసార్లు వనరులో కొరత కారణం కాదు. ఉన్న నీటిని కొద్ది సమయంలో, చాలని పైపుల్లోంచి, అందరికీ ఒకేసారి పంచబోవడమే కారణం. అందువల్ల వేళలు, వాల్వులు, లీకులు, పైపుల వ్యాసం చూడకుండా కొత్త బోరు వేసినంత మాత్రాన ఒత్తిడి పెరగదు. నంద్యాల జిల్లాలోని గడివేముల మండలం, అటు ఆళ్లగడ్డ దాకా ఉన్న కుందూ లోయ నేపథ్యంగా ఈ సమస్య స్వభావం, కారణాలు, పరిష్కార మార్గాలు కింద ఉన్నాయి.

ప్రాంతం, నేల

గడివేముల నంద్యాల పట్టణానికి వాయవ్యంగా ఉన్న మండల కేంద్రం. ఒకప్పుడు కర్నూలు జిల్లాలో భాగం. 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరింది. శాసనసభ నియోజకవర్గం పాణ్యం. వెయ్యి మెగావాట్ల సౌర విద్యుత్ పార్కుకు చోటిచ్చిన గని, సిమెంటు కర్మాగారం ఉన్న బిలకలగూడూరు ఈ మండలంలోని ఊళ్లే.

పడమట ఎర్రమలలు, తూర్పున నల్లమలలు, మధ్యలో కుందూ లోయ. ఓర్వకల్లు వైపు ఎర్రమలల్లో పుట్టిన కుందూ నంద్యాల మీదుగా దక్షిణానికి పారి కడప జిల్లాలో పెన్నలో కలుస్తుంది. లోయలో ఎక్కువ భాగం నల్లరేగడి. దాని అడుగున నంద్యాల పలకరాయి, కోయిలకుంట్ల సున్నపురాయి పొరలు, అంచుల్లో పాణ్యం క్వార్ట్‌జైట్ గుట్టలు ఉన్నాయి. భూగర్భ శాస్త్రంలో ఈ శిలల సముదాయాన్ని కర్నూలు సముదాయం అంటారు. బోర్ల నీటి గుణాన్ని నిర్ణయించేది ఈ రాళ్లే. సున్నపురాయిలో ఇంకిన నీటికి కాఠిన్యం ఎక్కువ. పప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు, కొళాయి మూతుల్లో తెల్లటి పొక్కు పేరుకుంటుంది. గట్టి రాతిలో నీరు పగుళ్లలోనే ఉంటుంది కాబట్టి ఒక బోరు నిండుగా పడిన చోట పక్క బోరు ఎండిపోయి ఉండడం మామూలు. వేసవిలో 45 డిగ్రీలు దాటే రోజులు నంద్యాలకు కొత్త కాదు. బోర్లు చతికిలపడేదీ నీటి వాడకం పెరిగేదీ ఆ నెలల్లోనే.

ఉపరితల జలం

ఈ ప్రాంతపు పాత కాలువ కర్నూలు–కడప కాలువ, అందరూ పిలిచే పేరు కేసీ కెనాల్. తుంగభద్ర మీద సుంకేసుల దగ్గర మొదలయ్యే ఈ కాలువను 1860లలో మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ సాగునీటికీ పడవలకూ కలిపి తవ్వించింది. కంపెనీ గిట్టుబాటు కాక నష్టపోవడంతో 1882లో ప్రభుత్వం దాన్ని కొనేసింది. తర్వాతి దశలో శ్రీశైలం జలాశయం నుంచి పోతిరెడ్డిపాడు హెడ్ రెగ్యులేటరు ద్వారా బానకచర్ల క్రాస్ రెగ్యులేటరుకు కృష్ణా నీరు చేరింది. అక్కడ నీరు మూడు పాయలవుతుంది. ఒకటి తెలుగుగంగ కాలువగా 16.95 టీఎంసీల వెలుగోడు జలాశయానికీ, అక్కడి నుంచి ఆళ్లగడ్డ వైపుకూ పోతుంది. రెండోది శ్రీశైలం కుడి కాలువగా పాణ్యం మండలంలోని గోరుకల్లు జలాశయానికి సాగుతుంది. మూడోది నిప్పులవాగులో పడి గాలేరు, కుందూల ద్వారా కేసీ కెనాల్ ఆయకట్టును ఆదుకుంటుంది.

తాగునీటి పథకాలకు ఈ కాలువలు వరమూ, పరీక్షా. శ్రీశైలం పూర్తి నీటిమట్టం 885 అడుగులు. మట్టం 854 అడుగులకు దిగితే పోతిరెడ్డిపాడు నుంచి ప్రవాహం బాగా తగ్గిపోతుంది, 841 అడుగుల కింద అసలు రాదు. ఈ ఇబ్బందిని కొంత తీర్చడానికి అంతకంటే లోతట్టు నుంచి నీరెత్తి కేసీ కెనాల్‌లో పోసే ముచ్చుమర్రి ఎత్తిపోతల పథకం 2017లో మొదలైంది. ఏదేమైనా వేసవిలో కాలువలు కట్టేస్తారు. ఆ నెలల కోసం నీటిని ముందే నింపి ఉంచుకునే చెరువునే సమ్మర్ స్టోరేజీ ట్యాంకు, వాడుకలో ఎస్‌ఎస్ ట్యాంకు అంటారు. ఆవిరి, ఇంకుడు లెక్కవేయకుండా కట్టిన ఎస్‌ఎస్ ట్యాంకు కాగితం మీద తొంభై రోజులు నిలుస్తుంది గాని నేల మీద నిలవదు.

చరిత్ర

కొళాయిలకు ముందు ఇక్కడి పల్లెలకు ఆధారం దిగుడుబావి, చేదబావి, చెరువు, వాగు చెలమ, కాలువ గట్టు. మెట్లు దిగి నీటిలో కాళ్లు పెట్టే బావుల ద్వారా నారికురుపు వ్యాపించేది. ఆంధ్రప్రదేశ్ ఆ వ్యాధి పీడిత రాష్ట్రాల్లో ఒకటిగా ఉండేది. దిగుడుబావులు మూయించడం, నీటిని వడగట్టుకోవడం, బోర్లు వేయడం వల్ల అది తగ్గుతూ వచ్చింది. దేశంలో చివరి కేసు 1996లో రాజస్థాన్‌లో నమోదైంది. 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ భారతదేశాన్ని నారికురుపు లేని దేశంగా ధ్రువీకరించింది.

1970ల చివర యునిసెఫ్ తోడ్పాటుతో రూపొందిన ఇండియా మార్క్–2 చేతిపంపు పల్లెల రూపు మార్చింది. ఆ తర్వాత బోరు, మోటారు, ఓవర్‌హెడ్ ట్యాంకు, వీధి కొళాయిలతో ఒక్కో ఊరికి రక్షిత నీటి పథకాలు వచ్చాయి. బోరు నీరు ఉప్పుగానో ఫ్లోరైడుతోనో ఉన్న చోట అనేక ఊళ్లను ఒకే ఉపరితల వనరుతో కలిపే సమగ్ర రక్షిత మంచినీటి పథకాలు మొదలయ్యాయి. 2014 అక్టోబరు 2న ప్రారంభమైన ఎన్టీఆర్ సుజల స్రవంతి 20 లీటర్ల శుద్ధి నీటిని 2 రూపాయలకు ఇవ్వాలని తలపెట్టింది. 2019 ఆగస్టు 15న ప్రకటించిన జల్ జీవన్ మిషన్ వీధి కొళాయి నుంచి ఇంటి కొళాయికి లక్ష్యాన్ని జరిపింది. మనిషికి రోజుకు 55 లీటర్లు, నిర్దేశిత నాణ్యతతో, క్రమం తప్పకుండా ఇవ్వాలన్నది దాని కొలమానం. 2024లో ముగియాల్సిన ఈ కార్యక్రమాన్ని 2028 వరకు పొడిగిస్తున్నట్టు 2025 కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించారు.

వీధి కొళాయి ఇంటి కొళాయిగా మారడంలో ఒక చిక్కుంది. వీధికి రెండు కొళాయిలు ఉన్న రోజుల్లో వేసిన పైపులకే ఇప్పుడు వీధికి ముప్ఫై నలభై కనెక్షన్లు తగిలాయి. ధార సన్నబడడం చాలా ఊళ్లలో అక్కడే మొదలైంది.

పథకం అంగాలు

బోరు ఆధారిత పథకంలో సబ్‌మెర్సిబుల్ మోటారు నీటిని పంపింగ్ మెయిన్ ద్వారా ఓవర్‌హెడ్ ట్యాంకుకు ఎక్కిస్తుంది. ట్యాంకు నుంచి పంపిణీ మెయిన్, దాని నుంచి వీధి లైన్లు, వాటికి పట్టీ బిగించి తీసిన అరంగుళం ఇంటి కనెక్షన్లు ఉంటాయి. ఉపరితల పథకంలో ముందు ఎస్‌ఎస్ ట్యాంకు, వడపోత తొట్లు, శుద్ధి నీటి సంపు కలుస్తాయి. ఆంధ్ర పల్లెల్లో ఎక్కువగా కనిపించేది నిదాన ఇసుక వడపోత. ఇసుక పైపొరలో పెరిగే సూక్ష్మజీవుల తెట్టే అందులో అసలు పని చేసేది. గంటకు 10–20 సెంటీమీటర్ల వేగం మించకుండా నీరు దిగాలి. తెట్టె మందమై నీరు దిగనప్పుడు పైన ఒకటి రెండు సెంటీమీటర్ల ఇసుక గీకి తీస్తారు. గీకడం వాయిదా పడితే ట్యాంకుకు చేరే నీరే తగ్గిపోతుంది. ఊళ్లో అది ఒత్తిడి లేనట్టు కనిపిస్తుంది.

ఒత్తిడి లెక్క

గురుత్వాకర్షణతో నడిచే సరఫరాలో ఒత్తిడిని నీటి ఎత్తుతో కొలుస్తారు. పది మీటర్ల నీటి నిలువు చదరపు సెంటీమీటరుకు దాదాపు ఒక కిలో ఒత్తిడికి సమానం. ట్యాంకులో నీటిమట్టం కొళాయి కంటే 12 మీటర్లు పైన ఉంటే, నీరు కదలనంత వరకు కొళాయి దగ్గర ఉండేది 12 మీటర్లే. ట్యాంకు పెద్దదైతే ఒత్తిడి పెరుగుతుందన్నది అపోహ. ఎత్తే దాన్ని నిర్ణయిస్తుంది, ఘనపరిమాణం కాదు.

నీరు కదిలిన క్షణం నుంచి పైపు గోడల రాపిడి ఈ ఎత్తును తింటుంది. రాపిడి నష్టం ప్రవాహం రెట్టింపైతే సుమారు మూడున్నర రెట్లు, పైపు లోపలి వ్యాసం సగమైతే దాదాపు 29 రెట్లు పెరుగుతుంది. ఈ రెండో అంకె గుర్తుంటే పైపుల కొనుగోలులో జరిగే పొదుపు ఎంత ఖరీదైనదో అర్థమవుతుంది.

ఉదాహరణకు 600 ఇళ్లు, మూడు వేల జనాభా ఉన్న ఊరిని తీసుకోవచ్చు. 55 లీటర్ల లెక్కన రోజుకు 1,65,000 లీటర్లు కావాలి. దీన్ని నాలుగు గంటల్లో పంచితే ట్యాంకు నుంచి సెకనుకు 11.5 లీటర్లు దిగాలి. లోపలి వ్యాసం 100 మిల్లీమీటర్లున్న మెయిన్‌లో ఆ ప్రవాహానికి ప్రతి వంద మీటర్లకు రెండు మీటర్లకు పైగా ఎత్తు ఖర్చవుతుంది. అర కిలోమీటరు పోయేసరికి పదకొండు మీటర్ల దాకా హరించుకుపోతుంది. 12 మీటర్ల ట్యాంకు ఉన్న ఊళ్లో చివరి వీధికి మిగిలేది నామమాత్రం. అదే మెయిన్ 150 మిల్లీమీటర్లదైతే అర కిలోమీటరుకు నష్టం మీటరున్నరే. ఇక నాలుగు గంటల నీటిని ఒక్క గంటలో పంచాలంటే సెకనుకు 46 లీటర్లు దిగాలి. 100 మిల్లీమీటర్ల పైపులో అది సాధ్యమే కాదు. అప్పుడు ట్యాంకు దగ్గరి వీధులు నీరు పట్టుకుంటాయి, చివరి వీధులు గాలి పట్టుకుంటాయి.

పట్టణ నీటి సరఫరాకు కేంద్ర ప్రభుత్వ సాంకేతిక సంస్థ 1999లో ఇచ్చిన మార్గదర్శక గ్రంథం ఒకంతస్తు ఇళ్లకు 7 మీటర్లు, రెండంతస్తులకు 12, మూడంతస్తులకు 17 మీటర్ల కనీస ఒత్తిడి ఉండాలంది. 2024లో సవరించిన గ్రంథం కొళాయి నీటినే నేరుగా తాగగలిగేలా ఇరవై నాలుగు గంటల సరఫరాను లక్ష్యంగా పెట్టింది.

ధార సన్నబడడానికి కారణాలు

*తక్కువ గంటలు.* నీరు ఎప్పుడాగుతుందో తెలియని చోట ప్రతి ఇల్లూ కొళాయి పూర్తిగా తిప్పి, దొరికిన పాత్రలన్నీ నింపుతుంది. మరుసటి రోజు కొత్త నీరు రాగానే నిన్నటిది పారబోస్తుంది. సరఫరా గంటలు తగ్గిస్తే వాడకం తగ్గుతుందనుకుంటారు. నిజానికి ఒక్కసారిగా లాగే ప్రవాహం పెరిగి రాపిడి నష్టం పెరుగుతుంది.

*ఖాళీ పైపులు.* 100 మిల్లీమీటర్ల పైపు కిలోమీటరు పొడవున దాదాపు 7,850 లీటర్లు పట్టుకుంటుంది. సరఫరా ఆగగానే లోతట్టు కొళాయిల నుంచి అది ఖాళీ అవుతుంది. మరుసటి పూట ముందు పైపులు నిండాలి, గాలి బయటికి పోవాలి. ఎత్తైన చోట్ల ఎయిర్ వాల్వు లేకపోతే చిక్కుకున్న గాలి నీటి దారినే మూసేస్తుంది.

*లైనుకు మోటార్లు.* సన్నటి ధార చూసి ఒక ఇల్లు కనెక్షన్‌కు చిన్న మోటారు బిగిస్తుంది. పక్కింటికి రావలసింది అటు మళ్లుతుంది, ఆ ఇల్లూ మోటారు కొంటుంది. వీధంతా మోటార్లయ్యాక ఎవరికీ అదనంగా దక్కేది లేదు, కరెంటు బిల్లు మాత్రం అందరికీ మిగులుతుంది. పైగా మోటారు లాగుడుకు లైనులో ఒత్తిడి వాతావరణ పీడనం కంటే తక్కువకు పడి, పగుళ్ల నుంచి మురుగు లోపలికి పీల్చుకుంటుంది.

*గుంత కొళాయిలు.* ధార అందక కొళాయిని నేలకంటే కిందికి, గుంత తవ్వి బిగించుకోవడం ఆంధ్ర పల్లెల్లో తరచూ కనిపించే దృశ్యం. రెండడుగులు దింపితే అరమీటరుకు పైగా ఎత్తు కలిసొస్తుంది కాబట్టి ఆ ఇంటికి నీరు పెరిగిన మాట నిజం. సరఫరా ఆగగానే గుంతలో నిలిచిన నీరు వెనక్కి లైనులోకి పోతుందన్నదీ అంతే నిజం.

*నేల, పైపు, పని.* నల్లరేగడి తడిస్తే ఉబ్బి, ఎండితే నెర్రెలిస్తుంది. ఆ కదలికకు అతుకులు వదులవుతాయి. పాత ఇనుప పైపుల్లో తుప్పు, కఠిన జలం వదిలిన సున్నం కలిసి లోపలి వ్యాసాన్ని తగ్గిస్తాయి. సిమెంటు రోడ్డు వేసేటప్పుడో, కేబుల్ కోసం తవ్వినప్పుడో తగిలిన దెబ్బ నెలల తరబడి బయటపడదు. సగమే తెరుచుకునే గేట్ వాల్వు, రోడ్డు కింద పూడుకుపోయిన వాల్వు గది కూడా ఈ జాబితాలోవే.

*విద్యుత్తు, వనరు.* వోల్టేజీ పడితే మోటారు నీటిని తక్కువ ఎత్తే నెడుతుంది. వేసవిలో బోరు మట్టం దిగితే అదే మోటారు గంటకు ఎక్కించే నీరు తగ్గి, ట్యాంకు నిండకముందే వాల్వు తిప్పే వేళ వస్తుంది.

ఊరి స్థాయిలో మెరుగుదల

మొదటి పని కొలత. ట్యాంకు దిగుడు పైపుకు ఒక మీటరు, ఊళ్లో ఎత్తైన వీధికీ దూరపు వీధికీ ఒక్కో ప్రెషర్ గేజీ ఉంటే సమస్య ఎక్కడుందో వారంలో తేలుతుంది. ట్యాంకు నుంచి దిగిన నీరు మనిషికి 55 లీటర్లకు మించి ఉండి, చివరి వీధి ఎండుతుంటే లోపం పంపిణీలో ఉన్నట్టే. దిగే నీరే తక్కువైతే లోపం మోటారులోనో, బోరులోనో, వడపోతలోనో ఉంది. ఊరు నిద్రపోయాక కాసేపు వాల్వు తెరిచి ఉంచి, అప్పటికీ మీటరు తిరుగుతుంటే ఆ ప్రవాహంలో ఎక్కువ భాగం లీకే.

రెండోది వేళ. చిన్న విరామంలో ఎక్కువ ధార కంటే ఎక్కువ గంటల పాటు నిలకడైన ధార ఇవ్వడం అన్ని పైపులకూ మేలు. అది ఒక్కసారిగా కుదరనప్పుడు ఊరిని వాల్వుల వారీగా భాగాలు చేసి వంతులు వేస్తారు. వంతులు ట్యాంకు మెయిన్ మీద భారం తగ్గిస్తాయి. అయితే ఒక్కో భాగంలో వీధి లైను తన నీళ్లన్నీ ఆ కొద్దిసేపట్లోనే మోయాలి. అందువల్ల భాగాలు మరీ ఎక్కువైతే మెయిన్‌లో తీరిన సమస్య వీధిలో తేలుతుంది. ఎత్తైన వాడలకూ పల్లపు వాడలకూ వేరు వాల్వులు పెట్టడం అన్నిటికంటే ముఖ్యం. రెండూ ఒకే లైనులో ఉంటే పల్లం నిండేదాకా మెరకకు చేరదు.

మూడోది ప్రతి కనెక్షన్‌కూ ప్రవాహ నియంత్రణ. నిమిషానికి ఇన్ని లీటర్లని ఒకే కొలత గల నియంత్రక వాల్వు పెడితే మొదటి ఇల్లూ చివరి ఇల్లూ సమానమవుతాయి. ఐదుగురు సభ్యుల ఇంటికి కావలసిన 275 లీటర్లు నిమిషానికి ఐదు లీటర్ల ధారతో 55 నిమిషాల్లో నిండుతాయి. ఈ ఏర్పాటు తర్వాతే మోటార్ల మీద నిషేధం నిలుస్తుంది. నీరు రాకపోతే తనిఖీలు, జరిమానాలు నాలుగు రోజులకు మించి పనిచేయవు.

నాలుగోది లీకులు. ఒత్తిడి పెరిగితే లీకుల నుంచి పోయే నీరూ పెరుగుతుంది. అతుకులు సరిచేయకుండా ట్యాంకు ఎత్తు పెంచడం నష్టాన్ని పెంచడమే. ఐదోది పైపుల కూర్పు. మూసుకుపోయిన చివరలున్న రెండు వీధి లైన్లను కలిపి వలయంగా చేస్తే నీరు రెండు దారుల్లో చేరి నష్టం బాగా తగ్గుతుంది. దీనికి కొన్ని మీటర్ల పైపు చాలు. మెయిన్ ఇరుకైతే పాతదాన్ని తవ్వకుండా పక్కన మరో లైను వేయడం చవక. ఇవన్నీ అయ్యాక కూడా చాలకపోతేనే దూరపు వాడకు చిన్న ఓవర్‌హెడ్ ట్యాంకు, ఆ తర్వాత అదనపు వనరు.

అదనపు వనరుగా బోరు వేసేటప్పుడు 2002 నాటి ఆంధ్రప్రదేశ్ జల, భూమి, వృక్ష సంరక్షణ చట్టాన్ని, వాడుకలో వాల్టాను, గుర్తుంచుకోవాలి. ప్రజా తాగునీటి వనరుకు 250 మీటర్ల లోపు కొత్త బావి, బోరు అనుమతి లేకుండా తవ్వడాన్ని అది నిషేధిస్తుంది. తాగునీటి బోరు చుట్టూ వ్యవసాయ బోర్లు పడితే ఎంత మంచి మోటారు వేసినా నీరు పైకి రాదు. బోరుకు ఎగువన చెక్‌డ్యాం, ఇంకుడుగుంత, కాలువ నీటితో చెరువు నింపడం కొత్త బోరు కంటే ఎక్కువ కాలం నిలిచే పనులు.

ఇంటి స్థాయిలో మెరుగుదల

ఇంట్లో ధార సన్నగా ఉంటే ముందు తేల్చవలసింది లోపం వీధిదా, ఇంటిదా అన్నది. వీధి లైను దగ్గరి మొదటి కొళాయికి పారదర్శక ప్లాస్టిక్ పైపు బిగించి నిలువుగా ఎత్తి పట్టుకుంటే, నీరు ఎంత ఎత్తున నిలిచిందో అదే ఆ వేళకు ఒత్తిడి, మీటర్లలో. పొరుగిళ్లు నీరు పట్టుకుంటున్నప్పుడు కొలిస్తేనే అసలు సంగతి తెలుస్తుంది. 15 లీటర్ల బకెట్ నిండడానికి నిమిషం పడితే ధార నిమిషానికి 15 లీటర్లు, మూడు నిమిషాలు పడితే ఐదు. పొరుగింటికి వచ్చినంత ఈ ఇంటికి రాకపోతే పట్టీ దగ్గరి రంధ్రం, కనెక్షన్ పైపు, తుప్పుపట్టిన మలుపు, సగం తెరిచిన వాల్వు వరసగా చూడాలి. కఠిన జలం ఉన్న ఊళ్లలో కొళాయి మూతిలోని జల్లెడ విప్పి నిమ్మరసంలోనో వెనిగర్‌లోనో నానబెడితే సున్నం కరిగి ధార తిరిగి వస్తుంది. ఖర్చు లేని ఈ పనిని అందరూ చివరికి వదిలేస్తారు.

నీరు కొద్దిసేపే వచ్చే చోట సరైన ఏర్పాటు నేలమట్టంలో సంపు, మిద్దె మీద ట్యాంకు. వీధి నీరు తన ఒత్తిడితోనే సంపులో పడుతుంది. మోటారు సంపు నుంచి మాత్రమే లాగుతుంది గనుక పొరుగింటి వాటా చెక్కుచెదరదు. రోజు విడిచి రోజు నీరొచ్చే ఇంటికి ఐదుగురు ఉంటే 550 లీటర్లు, ఒక పూట తప్పినా తట్టుకునేందుకు ఇంకొంత కలిపి 750 లీటర్ల నిల్వ సరిపోతుంది. వెయ్యి లీటర్లను పది మీటర్ల ఎత్తుకు తోడడానికి మామూలు ఇంటి మోటారుకు పట్టే కరెంటు పదో వంతు యూనిట్ దరిదాపుల్లోనే ఉంటుంది.

మిద్దె ట్యాంకు ఉన్నా స్నానపు జల్లు బలంగా రాదన్న ఫిర్యాదుకు మూలం ఎత్తే. మిద్దెకు మీటరు పైన పెట్టిన ట్యాంకు ఒకంతస్తు ఇంట్లో కొళాయికి సుమారు మూడు మీటర్ల ఒత్తిడి ఇస్తుంది. తలకంటే పైన ఉండే జల్లుకు, పైపుల రాపిడి పోగా, మీటరు కూడా మిగలకపోవచ్చు. దిగుడు పైపును ముప్పావంగుళానికి బదులు అంగుళంపావు వేసి, కొళాయిల దగ్గరే సన్నం చేయడం, దిగుడు పైపుకు గాలి గొట్టం పెట్టడం, మలుపులు తగ్గించడం చవకైన ఉపాయాలు. ట్యాంకును మరో మీటరున్నర ఎత్తు చేయడం తర్వాతి మెట్టు. ప్రెషర్ పంపు వేయాలంటే అది మిద్దె ట్యాంకు నుంచి దిగే పైపుకు బిగించాలి, వీధి కనెక్షన్‌కు కాదు.

నాణ్యత

వేళ, ఒత్తిడి దెబ్బతిన్న చోట నాణ్యత కూడా దెబ్బతింటుంది. నిండుగా ఉన్న పైపులో పగులు ఉంటే నీరు బయటికి కారుతుంది. ఖాళీ పైపులో అదే పగులు నుంచి మురుగు లోపలికి వస్తుంది. 2018 మార్చిలో గుంటూరులో అతిసారం ప్రబలి మరణాలు సంభవించినప్పుడు మురుగు కలిసిన కొళాయి నీటి మీదే దృష్టి పడింది. గడివేములకు పొరుగునే పాణ్యం మండలం గోరుకల్లులో 2021 ఏప్రిల్‌లో అతిసారం సోకి పలువురు ఆసుపత్రి పాలయ్యారు.

భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం తాగునీటిలో కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాములు, వేరే వనరు లేనప్పుడు 2,000 దాకా ఉండవచ్చు. కాఠిన్యానికి ఈ హద్దులు 200, 600. ఫ్లోరైడుకు 1.0, 1.5. నైట్రేట్ 45 మించకూడదు. కొళాయి దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. మంచి బ్లీచింగ్ పొడి వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాములు మామూలు మోతాదు. తెరిచి ఉంచిన సంచిలో పొడి సత్తువ కోల్పోతుంది కాబట్టి తూకం కంటే చివరి వీధి కొళాయి దగ్గర క్లోరిన్ పరీక్షే నమ్మదగినది. క్లోరిన్ సూక్ష్మజీవులను చంపుతుంది గాని లవణాలను, ఫ్లోరైడును తీయదు. వాటికి ఆర్వో యంత్రం కావాలి. అది తీసుకున్న నీటిలో సగం నుంచి మూడొంతుల దాకా వ్యర్థంగా వదులుతుంది. తాగడానికి, వంటకు మాత్రమే ఆర్వో వాడి, వదిలిన నీటిని మరుగుదొడ్డికి, నేల కడగడానికి మళ్లించడం నీటి కరువు ప్రాంతంలో తప్పనిసరి మర్యాద.

పాలన, ఖర్చు

పథకాల రూపకల్పన, నిర్మాణం గ్రామీణ నీటి సరఫరా విభాగం పని. ఊళ్లోని పంపిణీ, రోజువారీ నిర్వహణ గ్రామ పంచాయతీవి. తాగునీరు రాజ్యాంగం పదకొండో షెడ్యూలులో పంచాయతీలకు అప్పగించదగిన అంశాల్లో ఒకటి. 2019 అక్టోబరు 2న మొదలైన గ్రామ సచివాలయాల్లో ఇంజినీరింగ్ అసిస్టెంటు పోస్టు ఏర్పడింది. పదిహేనో ఆర్థిక సంఘం పంచాయతీలకిచ్చిన నిధుల్లో 60 శాతం తాగునీటికీ పారిశుధ్యానికీ ముడిపెట్టింది. జల్ జీవన్ మిషన్ ఊరిలోపలి నిర్మాణ వ్యయంలో 10 శాతం, కొండ ప్రాంతాల్లోనూ షెడ్యూల్డు కులాలు, తెగలు సగానికి మించిన ఊళ్లలోనూ 5 శాతం, ప్రజల వాటాగా పెట్టింది. నంద్యాల వంటి లక్ష జనాభా దాటిన పట్టణాలకు 2015లో వచ్చిన అమృత్ పథకం, 2021 అక్టోబరులో దాని రెండో దశ ద్వారా ఆళ్లగడ్డ వంటి చిన్న పట్టణాలకు కూడా వర్తించింది.

నిర్మాణానికి నిధులు దొరికినంత సులువుగా నిర్వహణకు దొరకవు. మోటారు కాలితే రిపేరు, వాల్వు మారిస్తే ఖర్చు, వాల్వు తిప్పే మనిషి జీతం, కరెంటు బిల్లు అన్నీ కొళాయి పన్ను మీదే ఆధారపడతాయి. నీరు సరిగా రాని ఇల్లు పన్ను కట్టదు, పన్ను రాని పంచాయతీ మరమ్మతు చేయదు. ఈ సుడి తెగేది నీటి వైపు నుంచే. ముందు ఒక వాడకు వేళ తప్పక నీరిచ్చి చూపితే వసూలు దానంతట అదే మెరుగుపడుతుంది.

ఇతర ప్రాంతాల అనుభవం

రాయలసీమలోనే పెద్ద ఉదాహరణ అప్పటి అనంతపురం జిల్లాలో శ్రీ సత్యసాయి తాగునీటి పథకం. 1995–96 ప్రాంతంలో ట్రస్టు నిధులతో ఏడు వందలకు పైగా గ్రామాలకు నీరందించి, తర్వాత నిర్వహణను ప్రభుత్వ యంత్రాంగానికి అప్పగించారు. తెలంగాణలో మిషన్ భగీరథను 2016 ఆగస్టు 7న గజ్వేల్ నియోజకవర్గం కోమటిబండలో ప్రారంభించారు. కృష్ణా, గోదావరి జలాశయాల నుంచి ఊరూరికీ పైపు వేసి, గ్రామాల్లో మనిషికి 100 లీటర్లు ఇవ్వాలన్నది లక్ష్యం. ఈ రెండూ వనరు సమస్యను తీర్చిన పథకాలు. ఊరి ట్యాంకు నుంచి ఇంటి కొళాయి దాకా ఉన్న చివరి మజిలీ నిర్వహణ అక్కడ కూడా ఆ ఊరి బాధ్యతగానే మిగిలింది.

ఆ చివరి మజిలీని సరిచేసిన అనుభవం కర్ణాటకలో ఉంది. హుబ్లీ–ధార్వాడ, బెళగావి, కలబురగిల్లో ఎంపిక చేసిన వార్డుల్లో 2008 నాటికి పైపులు మార్చి, మీటర్లు పెట్టి నిరంతర సరఫరా ఇచ్చారు. హుబ్లీ–ధార్వాడలో జరిపిన పరిశోధన విడతల వారీ సరఫరా వార్డుల కంటే నిరంతర సరఫరా వార్డుల్లో కొళాయి నీటి కాలుష్యం తక్కువని తేల్చింది. మహారాష్ట్రలో కరాడ్ పక్కనున్న చిన్న పట్టణం మల్కాపూర్ మీటర్లతో ఇరవై నాలుగు గంటల నీరిచ్చి, ఇది మహానగరాలకే పరిమితమైన సౌకర్యం కాదని చూపింది. ఒడిశాలోని పూరీ 2021 జులైలో కొళాయి నీటినే నేరుగా తాగగలిగే నగరంగా ప్రకటితమైంది.

సమీక్ష

గడివేముల చుట్టూ పాతిక ముప్ఫై కిలోమీటర్ల పరిధిలో వెలుగోడు, గోరుకల్లు జలాశయాలు, కేసీ కెనాల్, తెలుగుగంగ, శ్రీశైలం కుడి కాలువ ఉన్నాయి. తెలుగుగంగ నీరు వెలుగోడు దాటి చెన్నై నగరం దాకా పోతోంది. వనరుల పరంగా ఇది రాయలసీమలో మెరుగైన స్థితే. ఎండిన బోరు, అడుగంటిన ఎస్‌ఎస్ ట్యాంకు నిజమైన కొరతలే, వాటికి వేరే పరిష్కారం ఉంది. మిగతా ఊళ్లలో మెరుగుదలకు క్రమం ఇది: కొలత, వేళ, మెరక పల్లాలకు వేరు వాల్వులు, సమాన ధార, లీకుల మరమ్మతు, పైపుల కూర్పు, ఆ తర్వాత ట్యాంకు, చివరికి బోరు. ఇందులో మొదటి నాలుగు పనులకు పెద్ద నిధులు అక్కర్లేదు, పంచాయతీ తీర్మానం, వాల్వు తిప్పే మనిషి, మోటారు బిగించుకోని ఇరుగుపొరుగు చాలు.